ఊరి అవినీతి మీద ఆన్‌లైన్‌లో రాస్తే పరువు నష్టం కేసు: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను ఒక చిన్న పట్నం కోర్టులో ప్రాక్టీసు చేస్తాను. నెలకు ఇద్దరు ముగ్గురైనా ఫోను చేతిలో పట్టుకుని వస్తారు. స్క్రీన్ మీద ఒక ఫేస్‌బుక్ పోస్టో వాట్సాప్ మెసేజో ఉంటుంది, జేబులో మడత పెట్టిన లాయరు నోటీసు ఉంటుంది. అడిగేవి మాత్రం అవే ప్రశ్నలు. అందుకే జవాబులన్నీ ఒకచోట రాసి పెట్టాను. ఏ ప్రశ్న దగ్గరికైనా నేరుగా వెళ్లి చదువుకోవచ్చు. ఇక్కడ చెప్పిన చట్టం ఆంధ్రప్రదేశ్‌కూ తెలంగాణకూ ఒకటే.

## పోస్టు పెట్టక ముందు

మా సర్పంచ్ సిమెంటు రోడ్డు డబ్బులు తిన్నాడు. ఊరందరికీ తెలుసు. నిజం రాస్తే కేసు ఎలా అవుతుంది?

కేసు వేయకుండా ఎవరినీ ఆపలేం. వేశాక అది నిలబడుతుందా అన్నదే అసలు ప్రశ్న. సివిల్ దావాలో మీరు రాసింది నిజమని రుజువు చేస్తే చాలు, దావా పోతుంది. క్రిమినల్ కేసు భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కింద నడుస్తుంది. 2024 జూలై 1కి ముందు పెట్టిన పోస్టయితే పాత ఐపీసీ 499, 500 సెక్షన్లు వర్తిస్తాయి. అక్కడ నిజం ఒక్కటే సరిపోదు, అది ప్రజల మేలు కోసం చెప్పిందై ఉండాలి. పంచాయతీ నిధుల సంగతి కాబట్టి ఆ రెండోది చూపడం అంత కష్టం కాదు.

ఇబ్బందంతా "తిన్నాడు" అన్న మాటతోనే. రోడ్డు పలచగా వేశారని మీరు చూపగలరు. మిగిలిన సొమ్ము సర్పంచ్ ఇంటికే చేరిందని చూపగలరా? కాంట్రాక్టరు మిగుల్చుకుని ఉండొచ్చు, ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) కొలత తప్పు రాసి ఉండొచ్చు. "ఊరందరికీ తెలుసు" అన్నది కోర్టులో సాక్ష్యం కాదు. ఊరందరిలో బోనెక్కి చెప్పేవాళ్లు ఎందరో ముందే లెక్క వేసుకోండి.

మరి ఎలా రాయాలి?

కిందటేడు ఒక కుర్రాడు నా దగ్గరికి వచ్చాడు. కొత్త సీసీ రోడ్డు అంచున పొడుగు స్కేలు నిలబెట్టి ఫోటో తీశాడు. పది సెంటీమీటర్ల గీత దగ్గరే సిమెంటు ఆగిపోయింది. ఎస్టిమేటులో ఉన్న మందం పదిహేను. ఇంతకంటే బలమైన ఫోటో నేను చూడలేదు. కానీ దాని పైన అతను రాసింది: "దొంగ వెధవ, రోడ్డు మొత్తం మింగేశాడు." లీగల్ నోటీసు ఆ ఒక్క లైను పట్టుకునే వచ్చింది. స్కేలు గురించి గానీ పది సెంటీమీటర్ల గురించి గానీ నోటీసులో ఒక్క ముక్క లేదు. ఊరి వాదన అంతా ఆ రోజు నుంచి తిట్టు మీదికి మళ్లింది, రోడ్డు సంగతి పక్కకు పోయింది.

అదే ఇలా రాసి ఉంటే: "ఫలానా వీధి సీసీ రోడ్డు మందం ఎస్టిమేటులో 15 సెంటీమీటర్లు. సమాచార హక్కు కింద ఇచ్చిన ఎం-బుక్ (పని కొలతలు రాసే పుస్తకం) నకలులోనూ 15 అనే ఉంది, బిల్లు పూర్తిగా చెల్లించారు. ఫలానా తేదీన నేను మూడు చోట్ల కొలిస్తే 10, 11, 10 వచ్చింది. ఈ తేడాకు పంచాయతీ, ఇంజినీరింగ్ అధికారులు జవాబు చెప్పాలి." ఇందులో ప్రతి మాటకూ కాగితమో ఫోటోనో ఉంది. మనిషిని దొంగ అనలేదు, లెక్క అడిగారు. చదివినవాడికి అర్థం కావలసింది ఎలాగూ అర్థమవుతుంది.

పోస్టు పెట్టే ముందు సర్పంచ్‌కో కార్యదర్శికో ఒక మెసేజ్ పెట్టి వివరణ అడగండి. వాళ్లు బదులివ్వకపోయినా ఆ మెసేజ్ దాచుకోండి. చట్టంలో "సద్భావన" అంటే తగిన జాగ్రత్త, శ్రద్ధ తీసుకోవడం. మీరు అలా తీసుకున్నారని ఆ మెసేజే చెబుతుంది.

పేరు రాయకపోతే సరిపోతుంది కదా?

సరిపోదు. "మా ఊరి పెద్దమనిషి, తెల్ల స్కార్పియో, రెండోసారి గెలిచాడు" అని రాస్తే ఊళ్లో ప్రతివాడూ గుర్తుపడతాడు. గుర్తుపట్టారని సాక్షులు చెబితే పేరు రాసినట్టే లెక్క. మరోవైపు "రాజకీయ నాయకులంతా అవినీతిపరులు" లాంటి మాట మీద ఎవరో ఒకరు కేసు వేస్తే నిలవదు, ఎందుకంటే అది ఏ ఒక్కరినీ చూపించదు. కానీ గుంపు చిన్నదైనకొద్దీ ఈ రక్షణ తగ్గిపోతుంది. "మన పంచాయతీ పాలకవర్గమంతా" అన్నప్పుడు పదిమందీ తెలిసినవాళ్లే.

"అట", "అంటున్నారు" అని కలిపితే? ప్రశ్న గుర్తు పెడితే?

విన్న మాటను మళ్లీ చెప్పినా చెప్పినట్టే. "లంచం తీసుకున్నాడట" అన్నదాంట్లో ఆరోపణ అలాగే ఉంది. వెటకారంగా చెప్పినా, పొగిడినట్టు చెప్పి దెప్పినా కుదరదని సెక్షన్ వివరణలోనే రాసి ఉంది. నిజంగా జవాబు కోరే ప్రశ్న వేరు. "ఈ పనికి రెండుసార్లు బిల్లు ఎందుకు పెట్టారు?" అని రెండు బిల్లులూ జతచేసి అడిగితే అది న్యాయమైన ప్రశ్నే.

ఆధారాలు నాలాంటి మామూలు మనిషికి ఎవరిస్తారు?

సమాచార హక్కు చట్టం, 2005 ఇస్తుంది. మన రెండు రాష్ట్రాల్లో గ్రామ స్థాయి కార్యాలయంలో దరఖాస్తుకు రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఇవ్వకపోతే 30 రోజుల్లో మొదటి అప్పీలు వేసుకోవచ్చు.

"రోడ్డు గురించి వివరాలు ఇవ్వండి" అని అడగొద్దు. ఎస్టిమేటు, పాలనా అనుమతి, సాంకేతిక అనుమతి, పంచాయతీ తీర్మానం, ఎం-బుక్ పేజీలు, చెల్లింపు వోచరు అని పేరుపేరునా ధ్రువీకరించిన నకళ్లు అడగండి. చాలామందికి తెలియని సంగతి ఇంకొకటి ఉంది. ఈ చట్టంలో "సమాచార హక్కు" అంటే నకళ్లు ఒక్కటే కాదు. పనిని తనిఖీ చేసే హక్కు, వాడిన సామగ్రి నమూనాను ధ్రువీకరించి తీసుకునే హక్కు కూడా అందులో ఉన్నాయి. రోడ్డు ముక్క నమూనా అడగొచ్చు. అలా అధికారికంగా వచ్చిన నమూనా ముందు మీ స్కేలు ఫోటో కూడా చిన్నదే.

కేంద్ర ఆర్థిక సంఘం నిధుల చెల్లింపులు ఈ-గ్రామ్‌స్వరాజ్ పోర్టల్‌లో పంచాయతీల వారీగా కనిపిస్తాయి. ముందు అక్కడ చూసి, తర్వాత దరఖాస్తు రాయండి.

ఆన్‌లైన్‌లో పెట్టకుండా కలెక్టరుకు ఫిర్యాదు ఇస్తే, దాని మీదా పరువు నష్టం వేస్తారా?

వేసే ప్రయత్నం చేయొచ్చు, కానీ అక్కడ మీరు చాలా బలంగా ఉంటారు. విచారించే అధికారం ఉన్నవాళ్లకు సద్భావనతో చేసిన ఫిర్యాదు పరువు నష్టం కాదని 356వ సెక్షన్ ఎనిమిదో మినహాయింపు చెబుతుంది. కలెక్టరేటులో సోమవారం ఇచ్చే అర్జీ, ఏసీబీ, లోకాయుక్త, విజిలెన్స్ అన్నీ ఈ కోవలోకే వస్తాయి. తెలిసి తెలిసి అబద్ధపు ఫిర్యాదు ఇస్తే మాత్రం అది వేరే నేరం.

నా మట్టుకు నేను అందరికీ ఇదే వరస చెబుతాను: ముందు అర్జీ, దానికి రసీదు, ఆ తర్వాత పోస్టు. "ఫలానా తేదీన ఫలానా విషయం మీద కలెక్టరుకు ఫిర్యాదు ఇచ్చాను, రసీదు నంబరు ఇది" అని రాయడం జరిగిన సంగతి చెప్పడమే. అయితే ఫిర్యాదులోని ఆరోపణలన్నీ మక్కీకి మక్కీ పోస్టులో దింపితే ఎనిమిదో మినహాయింపు ఆ పోస్టును కాపాడదు. అది కలెక్టరుకు ఇచ్చిన కాగితానికి వర్తిస్తుంది, వాట్సాప్ గ్రూపుకు కాదు.

నాకు యూట్యూబ్ ఛానల్, ప్రెస్ కార్డు ఉన్నాయి. నాకు ప్రత్యేక రక్షణ ఉంటుందా?

ఉండదు. విలేకరికైనా రైతుకైనా రాజ్యాంగం 19వ అధికరణం ఇచ్చే వాక్‌స్వాతంత్ర్యం ఒకటే, దానికి పరువు నష్టం అనే హద్దూ ఒకటే. వీడియో తీసేయడానికి డబ్బు అడిగిన క్షణం అది పరువు నష్టం కేసు కూడా కాదు, బలవంతపు వసూలు కేసు. అలా అడిగేవాళ్ల వల్ల నిజాయితీగా రాసేవాళ్ల మాటకు కూడా విలువ పోతోంది, అది నాకు నిజంగా బాధ.

కోపంలో కులం పేరు వచ్చేసింది. పర్వాలేదా?

వెంటనే జాగ్రత్త పడండి. ఎస్సీ, ఎస్టీలకు చెందిన సర్పంచ్‌ను, ఉద్యోగిని కులం పేరుతో అవమానిస్తే అది అట్రాసిటీ చట్టం కిందికి వెళ్తుంది, ముందస్తు బెయిలు మామూలుగా రాదు. మహిళా ప్రతినిధి నడవడిక మీద రాసే మాటలకు వేరే సెక్షన్లున్నాయి. రోడ్డు లెక్కకు కులంతోనూ ఇంటి సంగతులతోనూ పనిలేదు.

## పోస్టు పెట్టాక

నేను రాయలేదు, ఫార్వర్డ్ చేశానంతే. నా మీద కేసేంటి?

ఫార్వర్డ్ కూడా ప్రచురణే. 2024 ఫిబ్రవరిలో ఢిల్లీ హైకోర్టు, పరువు తీసే పోస్టును రీట్వీట్ చేసినా బాధ్యత ఉంటుందని చెప్పింది. "వచ్చినది వచ్చినట్టు" అని కింద రాసుకున్నంత మాత్రాన తప్పించుకోలేరు.

నేను గ్రూపు అడ్మిన్‌ని. ఎవరో పెట్టినదానికి నేను జవాబుదారీనా?

అడ్మిన్ అయినంత మాత్రాన కాదు. 2021లో బాంబే హైకోర్టు, 2022లో కేరళ హైకోర్టు ఇదే చెప్పాయి. మీరు కూడా వంత పాడితే, ముందే మాట్లాడుకుని పెట్టిస్తే అది వేరు.

ఎస్సై ఫోన్ చేసి స్టేషనుకు రమ్మంటున్నారు. పోస్టు తీసేయకపోతే లోపలేస్తామంటున్నారు.

పరువు నష్టం పోలీసులు నేరుగా ఎఫ్ఐఆర్ కట్టే నేరం కాదు. బాధితుడు మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లి ప్రైవేటు కంప్లయింట్ వేసుకోవాలి. 2025 సెప్టెంబరులో తెలంగాణ హైకోర్టు సోషల్ మీడియా పోస్టుల కేసుల్లో పోలీసులకు మార్గదర్శకాలిస్తూ ఈ సంగతినే గట్టిగా చెప్పింది: పరువు నష్టం ఫిర్యాదు వస్తే మేజిస్ట్రేటు దగ్గరికి పంపాలి, యాంత్రికంగా అరెస్టు చేయకూడదు. ఆన్‌లైన్ రాతల మీద ఒకప్పుడు తెగ వాడిన ఐటీ చట్టం 66ఏ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24నే కొట్టేసింది.

అయితే స్టేషన్లలో పరువు నష్టానికి బెదిరింపు, ఫోర్జరీ, గొడవలు రేపడం లాంటి సెక్షన్లు కలిపి ఎఫ్ఐఆర్ కట్టడం ఉంది. కాబట్టి ఏ సెక్షనో అడగండి. ఏడేళ్ల వరకు శిక్ష పడే నేరాల్లో సాధారణంగా ముందు రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. నోటీసు వస్తే తప్పక వెళ్లండి, ఒంటరిగా మాత్రం వెళ్లొద్దు. తెల్లకాగితం మీద సంతకం పెట్టొద్దు. ఫోను అడిగితే స్వాధీనం చేసుకున్నట్టు కాగితం అడగండి.

పోస్టు డిలీట్ చేస్తే గొడవ తీరిపోతుందా?

అవతలివాళ్ల దగ్గర అప్పటికే స్క్రీన్‌షాట్ ఉంటుంది. డిలీట్ చేస్తే నష్టం ఆగిందని చెప్పుకోవచ్చు గానీ, జరిగిన ప్రచురణ చెరిగిపోదు. తీసేసే ముందు తేదీ, కామెంట్లు, మీరు జతచేసిన కాగితాలు అన్నీ కనిపించేలా మీకోసం ఒక కాపీ దాచుకోండి. చాలాసార్లు అవతలివాళ్లు తిట్టున్న లైను కత్తిరించి కోర్టుకు తెస్తారు, కింద మీరు పెట్టిన ఎం-బుక్ ఫోటో అందులో ఉండదు.

## నోటీసు వచ్చాక

లాయరు నోటీసులో యాభై లక్షలు అడిగారు. ఏడు రోజుల్లో కట్టాలట. ఇల్లు పోతుందా?

నోటీసు కోర్టు ఉత్తర్వు కాదు. అది ఒక లాయరు రాసిన ఉత్తరం, అందులోని అంకె వాళ్లు కోరుకునేది మాత్రమే. నిజంగా అంత మొత్తానికి దావా వేయాలంటే దానికి తగ్గ కోర్టు ఫీజు ముందే కట్టాలి. అందుకే నోటీసులో యాభై లక్షలు ఉన్నది దావాలో బాగా తగ్గిపోవడం మేం తరచుగా చూస్తుంటాం.

అలాగని నోటీసును చింపి పారేయొద్దు. కవరు కూడా దాచండి, మీద తేదీ ముద్ర ఉంటుంది. జవాబు లాయరు చేతనే రాయించండి. అందులో మీ దగ్గరున్న కాగితాల పేర్లు ఉండాలి, కొత్త ఆరోపణ ఒక్కటీ ఉండకూడదు. నోటీసును ఫోటో తీసి "బెదిరిస్తున్నారు చూడండి" అని మళ్లీ పోస్టు పెట్టేవాళ్లున్నారు. రెండో కేసు అక్కడే పుడుతుంది.

క్షమాపణ చెబితే ఓడిపోయినట్టా?

రాసినదాంట్లో ఏది తప్పో దాని మీద ఆధారపడి ఉంటుంది. లెక్క నిజం, మాట తప్పు అయితే మాటను వెనక్కి తీసుకుని లెక్కను అలాగే ఉంచొచ్చు: "ఆ పదం వాడినందుకు విచారిస్తున్నాను, రోడ్డు మందం మీద నా ప్రశ్న అలాగే ఉంది." అసలు విషయమే తప్పని తేలితే వెంటనే, అదే చోట, అంతే స్పష్టంగా చెప్పండి.

ఆలస్యం చేస్తే ఏమవుతుందో తెహల్కా అనే వార్తా సంస్థ కేసు చూడండి. 2001లో రక్షణ కొనుగోళ్ల మీద వాళ్లు చేసిన రహస్య చిత్రీకరణలో ఒక మేజర్ జనరల్ లంచం అడిగినట్టు తప్పుగా చెప్పారు. 2023 జూలైలో ఢిల్లీ హైకోర్టు ఆయనకు 2 కోట్ల రూపాయల పరిహారం ఇవ్వమంది. ఇరవై రెండేళ్ల తర్వాత చెప్పే క్షమాపణకు అర్థం లేదని కూడా అంది. అవినీతిని బయటపెట్టాలన్న ఉద్దేశం ఎంత పెద్దదైనా, ఒక మనిషి విషయంలో అబద్ధం అబద్ధమే.

రెండేళ్ల కిందటి పోస్టు మీద ఇప్పుడు కేసు వేయగలరా?

నష్టపరిహారం దావాకు గడువు ప్రచురించిన నాటి నుంచి ఒక్క ఏడాది. క్రిమినల్ ఫిర్యాదుకు మూడేళ్లు. పోస్టు ఇంకా ఆన్‌లైన్‌లో ఉంది కాబట్టి రోజూ కొత్త గడువు పుడుతుందన్న వాదనను ఢిల్లీ హైకోర్టు 2013లో ఒప్పుకోలేదు. పాత పోస్టును మీరే మళ్లీ షేర్ చేస్తే మాత్రం లెక్క కొత్తగా మొదలుకావచ్చు.

పంచాయతీయే, మున్సిపాలిటీయే నా మీద దావా వేయొచ్చా?

నష్టపరిహారం కోసం వేయలేవు. 1994లో రాజగోపాల్ కేసులో సుప్రీంకోర్టు ఈ మాట స్పష్టంగా చెప్పింది: ప్రభుత్వం, స్థానిక సంస్థలు తమ పరువు పోయిందని పరిహారం అడగలేవు. ప్రభుత్వ ఉద్యోగి విధి నిర్వహణ మీద రాసినప్పుడు, అది అబద్ధమని తేలినా, నిజానిజాలు పట్టించుకోకుండా రాశారని ఆ ఉద్యోగి చూపితేనే పరిహారం వస్తుంది. తగినంత సరిచూసుకుని రాశానని మీరు చూపితే చాలు. ప్రభుత్వ రికార్డుల ఆధారంగా రాసినదానికీ ఆ తీర్పులో రక్షణ ఉంది. నాకు నచ్చిన తీర్పుల్లో ఇదొకటి. ఇది సివిల్ దావాల మాట, క్రిమినల్ కేసుకు నేరుగా అన్వయించదు.

## కోర్టు దాకా వెళ్లాక

సమన్లు వచ్చాయి. వెళ్తే అరెస్టు చేస్తారా?

చేయరు. ఇది బెయిలబుల్ నేరం. జామీనుదారును, పూచీకి కావలసిన కాగితాలను వెంట తీసుకెళ్లండి. వాయిదాకు వెళ్లకపోతేనే ప్రమాదం, వారెంటు వస్తుంది. బంట్రోతు వరండాలోకి వచ్చి పేరు పిలుస్తాడు, టీ కొట్టు దగ్గరున్నవాడికి అది వినపడదు. పొద్దున పదిన్నర నుంచి హాలు గుమ్మం దగ్గరే ఉండండి.

2024 జూలై నుంచి కొత్త సౌకర్యం ఒకటి వచ్చింది. భారతీయ నాగరిక సురక్షా సంహిత (బీఎన్ఎస్ఎస్) 223వ సెక్షన్ ప్రకారం మేజిస్ట్రేటు కేసును స్వీకరించే ముందే మీ మాట వినాలి. ఆ తొలి నోటీసును తేలిగ్గా తీసుకోకండి. మీ పోస్టు పూర్తి కాపీ, రికార్డులు అప్పుడే పెడితే కొన్ని కేసులు అక్కడే ఆగిపోతాయి.

శిక్ష ఎంత?

గరిష్ఠంగా రెండేళ్ల సాధారణ జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. లేదంటే సమాజ సేవ, ఇది కొత్త చట్టంలో చేర్చారు. క్రిమినల్ పరువు నష్టం చట్టం చెల్లుతుందని 2016లో సుబ్రమణియన్ స్వామి కేసులో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. కేసు రాజీ చేసుకోవచ్చు.

నాకు చెప్పకుండానే పోస్టు తీసేయమని కోర్టు ఆర్డరిచ్చింది. ఇదేం న్యాయం?

ముందు ఆర్డరు పాటించండి. ధిక్కరిస్తే ఆస్తి జప్తు, మూడు నెలల వరకు సివిల్ జైలు ఉండొచ్చు. పాటిస్తూనే దాన్ని రద్దు చేయమని పిటిషను వేయండి. విచారణ జరగకుండా రాతలను ఆపే ఉత్తర్వులు అరుదుగా మాత్రమే ఇవ్వాలని 2024 మార్చిలో బ్లూమ్‌బెర్గ్ వార్తా సంస్థకూ జీ కంపెనీకీ మధ్య నడిచిన కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. రాసినది దురుద్దేశంతో కూడినదో, పైకే అబద్ధమని తెలిసిపోయేదో అయితే తప్ప ఆపకూడదంది. మీ చేతిలో ఎం-బుక్ నకలు ఉంటే ఈ తీర్పుతో పాటు దాన్నీ పెట్టండి.

వాట్సాప్ స్క్రీన్‌షాట్ కోర్టులో చెల్లుతుందా?

ఉత్త ప్రింటు తీసి ఇస్తే చెల్లదు. భారతీయ సాక్ష్య అధినియమం 63 కింద సర్టిఫికెట్ కావాలి. ఈ నిబంధన ఇద్దరికీ ఒకటే: అవతలివాళ్ల స్క్రీన్‌షాట్‌కు సర్టిఫికెట్ లేకపోతే అభ్యంతరం చెప్పండి, మీ ఫోటోలకు మీరు తెచ్చుకోండి. ఫోటో తీసిన ఫోను అమ్మేయొద్దు.

నేను దుబాయ్‌లో ఉంటున్నా. ఊళ్లో కేసు వేశారు.

నిందితుడు కోర్టు పరిధి బయట ఉంటే సమన్లు పంపే ముందు మేజిస్ట్రేటు విచారణ జరపాలి. అది జరగలేదంటే హైకోర్టులో గట్టి వాదన అవుతుంది. హాజరు నుంచి మినహాయింపు కోరుతూ లాయరు ద్వారా పిటిషను వేయొచ్చు. పట్టించుకోకుండా వదిలేస్తే మాత్రం వారెంటు, ఆపైన పాస్‌పోర్టు రెన్యువల్ దగ్గర చిక్కు వస్తాయి. పండక్కి ఇంటికొచ్చి విమానాశ్రయంలో ఇరుక్కోవడం కంటే ఇప్పుడే వకాలతు పంపడం మేలు.

లాయరును పెట్టుకునే స్తోమత లేదు.

15100కు ఫోన్ చేయండి, లేదా మీ కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థ కార్యాలయానికి వెళ్లండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, దివ్యాంగులకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయవాదిని ఇస్తారు. మిగతావాళ్లకు ఆదాయ పరిమితి ఉంటుంది.

నేను పంచాయతీ కార్యదర్శిని. నా మీద రాసింది పచ్చి అబద్ధం. మా గోడు ఎవరు వింటారు?

ఈ ప్రశ్న అడిగేవాళ్లూ తక్కువేం కాదు. వాళ్ల బాధా నిజమే. ఒక కార్యదర్శి కూతురు బడిలో "మీ నాన్న దొంగట కదా" అన్న మాట విని ఏడుస్తూ ఇంటికొచ్చింది. ఆయన మీద పెట్టిన పోస్టులోని బిల్లు ఆయన బదిలీపై రాకముందు నాటిది.

ఆయన కేసు వేయలేదు. చెల్లింపు తేదీ, తను చేరిన తేదీ ఉన్న రెండు కాగితాలను అదే గ్రూపులో పెట్టి, సరిదిద్దమని అడిగాడు. రాసినవాడు సాయంత్రానికి సరిదిద్దాడు. ముందు ఇది చేసి చూడండి. వినకపోతే నోటీసు, ఆ తర్వాతే కోర్టు. కోర్టుకెక్కితే మీ రికార్డులన్నీ బయటికొస్తాయి, క్రాస్ ఎగ్జామినేషన్‌లో ప్రతి వోచరు గురించీ అడుగుతారు. లెక్క శుభ్రంగా ఉన్నవాళ్లకు అందులో భయం లేదు.

కేసు నడుస్తోంది. ఆ రోడ్డు గురించి మళ్లీ రాయొచ్చా?

నిషేధ ఉత్తర్వు లేకపోతే రాయొచ్చు. కేసు గురించి, జడ్జి గురించి, సాక్షుల గురించి వద్దు. రోడ్డు గురించి రాయండి: తేదీ, కొలత, ఫోటో, సమాచార హక్కు జవాబు నంబరు. ఆ స్కేలు కుర్రాడు ఇప్పుడు అలాగే రాస్తున్నాడు. అతని కేసు వచ్చే నెల వాయిదాలో ఉంది, ఎం-బుక్ నకలు ఫైల్లో పెట్టాం.